గుండెలో మిషన్ ఉన్నవారిని ఇంటి నుంచే కనిపెట్టుకోవడం ఎలా? మహమ్మారి రోజులకు సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. హైదరాబాద్‌లో మెట్రో ఆగింది, సిటీ బస్సులు ఆగాయి, గాంధీ ఆసుపత్రిని కోవిడ్ రోగులకు కేటాయించారు, చాలా ఆసుపత్రుల్లో మామూలు ఓపీ ఆగిపోయింది. పేస్‌మేకర్ చెకింగ్‌కు తేదీ ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు. ఆసుపత్రికి వెళ్తే వైరస్ భయం, వెళ్లకపోతే బ్యాటరీ ఎంత ఉందో, పరికరం నుంచి గుండెలోకి వెళ్లే వైరు సరిగా పనిచేస్తోందో లేదో అన్న టెన్షన్.

నిజానికి ఆ టెన్షన్‌కు అప్పటికే మందు ఉంది. గుండెలో పెట్టిన పరికరం తన సమాచారాన్ని ఇంటి నుంచే ఆసుపత్రికి పంపే ఏర్పాటు, అంటే రిమోట్ మానిటరింగ్, అప్పటికి చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. వీలున్న ప్రతి రోగికీ ఈ సౌకర్యం ఇవ్వాలని గుండె లయ నిపుణుల సంఘమైన హార్ట్ రిథమ్ సొసైటీ 2015లోనే చెప్పింది. కోవిడ్ మొదలయ్యాక, అత్యవసరం కాని చెకింగ్‌లన్నీ వీలైనంతవరకు ఇలాగే చేయాలని అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి సూచించాయి.

అయితే ఇలా సమాచారం పంపడానికి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పెట్టెను (మానిటర్‌ను) మంచం పక్కన పెట్టుకుని, ఇక అంతా వాళ్లే చూసుకుంటారని నిశ్చింతగా ఉండిపోతే లాభం లేదు. గుండెలోని పరికరం పెట్టెకు చెప్పాలి, పెట్టె కంపెనీ సర్వర్‌కు చేర్చాలి, అక్కడి నుంచి ఆసుపత్రిలో ఒక మనిషి తెరిచి చదవాలి, అవసరమైతే ఆ మనిషి మీకు ఫోన్ చేయాలి. ఇందులో ఏ ఒక్కచోట తెగినా మిగతాదంతా వృథా. కాబట్టి ఒక్కొక్క చోటే సరిచూసుకుంటూ వెళ్దాం. మళ్లీ ఎప్పుడు మహమ్మారి వస్తుందో తెలియదు గనుక ఈ పని రోజులు బాగున్నప్పుడే చేసి పెట్టుకోవడం మంచిది.

ముందుగా: గుండెలో ఉన్నది ఏ పరికరం?

"నాన్నకు గుండెకు మిషన్ వేశారు" అన్నంతవరకే తెలిసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఒక్క ముక్కతో ఫోన్‌లో ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు.

పేస్‌మేకర్ అంటే గుండె మరీ నెమ్మదించినప్పుడు చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి కొట్టించేది. ఐసీడీ ఆ పనితోపాటు, ప్రాణం తీసేంత వేగంగా గుండె అదిరినప్పుడు షాక్ ఇచ్చి మామూలు లయకు తెస్తుంది. సీఆర్‌టీ గుండె బలహీనపడినవాళ్లకు పెడతారు. అది రెండు జఠరికలూ (గుండె కింది గదులు) ఒకేసారి ముడుచుకునేలా చూస్తుంది. ఇందులో షాక్ ఇచ్చేవీ ఉంటాయి, ఇవ్వనివీ ఉంటాయి. లూప్ రికార్డర్ చికిత్స ఏమీ చేయదు, లయను రాసిపెట్టుకుంటుంది, అంతే. ఎందుకు కళ్లు తిరిగి పడిపోతున్నారో తెలియనప్పుడు ఛాతీ చర్మం కింద దీన్ని పెడతారు.

ఆపరేషన్ రోజు ఇచ్చిన కార్డు బీరువాలోంచి తీయండి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్, వైర్ల వివరాలు, పెట్టిన తేదీ అందులో ఉంటాయి. కార్డు దొరక్కపోతే డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. అదీ లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని అడగండి, వాళ్ల రికార్డుల్లో ఉంటుంది. రెండు పక్కలా ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. కోవిడ్ వార్డులో రోగి పక్కన ఎవరినీ ఉండనివ్వని రోజులు చూశాం కదా, అలాంటప్పుడు ఆ ఫొటో ఒక్కటే రోగి తరఫున మాట్లాడుతుంది.

దానితోపాటు ఇంకో మూడు సంగతులు డాక్టరును లేదా చెకింగ్ చేసే టెక్నీషియన్‌ను అడిగి కార్డు వెనక రాయించుకోండి. పరికరానికి పెట్టిన కనీస వేగం ఎంత? ఐసీడీ అయితే ఎంత వేగం దాటితే షాక్ ఇస్తుంది? రోగి గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉందా, లేక అప్పుడప్పుడే దాని అవసరం పడుతోందా? మూడో ప్రశ్న జవాబును బట్టే ఇంట్లోవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో తేలుతుంది. పూర్తిగా ఆధారపడిన వ్యక్తికి వైరు సమస్య వస్తే నిమిషాలు కూడా ముఖ్యమే.

మీ పరికరానికి పెట్టె ఉందా?

కంపెనీని బట్టి ఏర్పాటు పేరు మారుతుంది. మెడ్‌ట్రానిక్‌ది కేర్‌లింక్. అబాట్‌ది మెర్లిన్ (పాత సెయింట్ జూడ్ పరికరాలు కూడా ఇందులోకే వస్తాయి). బోస్టన్ సైంటిఫిక్‌ది లాటిట్యూడ్, బయోట్రానిక్‌ది హోమ్ మానిటరింగ్. ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీ పరికరంతో మాట్లాడదు. పక్కింటివాళ్ల దగ్గర ఖాళీగా ఉంది కదా అని తెచ్చుకుంటే పనిచేయదు. ఒకే కంపెనీది అయినా, అది వేరే రోగి పేరు మీద నమోదై ఉంటుంది.

పరికరాల్లో కొన్ని తరాలు ఉన్నాయి. కొత్తవాటిలో చాలావరకు రాత్రి మీరు నిద్రలో ఉండగా తమంతట తామే సమాచారం పంపుతాయి. కొన్ని పాతవాటికి మీరే పెట్టె ఆన్ చేసి, దాని చేతిపరికరాన్ని ఛాతీమీద పేస్‌మేకర్ ఉన్నచోట ఆనించి కాసేపు కదలకుండా కూర్చోవాలి. ఈ మధ్య వచ్చిన కొన్ని మోడళ్లకు విడిగా పెట్టె కూడా అక్కర్లేదు, ఫోన్‌లో యాప్ చాలు. మరీ పాత పరికరానికైతే ఈ సౌకర్యమే ఉండకపోవచ్చు. అలాంటివాళ్ల కోసం ఇంట్లో చేసుకోవలసినవి కింద విడిగా రాశాను.

ఖర్చు గురించి మొహమాటపడకుండా అడగండి. పెట్టె ధర పరికరంతోనే కలిసిందా, విడిగా కట్టాలా, ఏటా ఏమైనా రుసుము ఉందా? ఆరోగ్యశ్రీలో పేస్‌మేకర్ వేయించుకున్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, కంపెనీ ప్రతినిధిని ఇద్దరినీ అడగాలి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో ఇది వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, ఐసీడీ లేదా సీఆర్‌టీ ఉన్నవాళ్లూ, గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడినవాళ్లూ ఈ ఖర్చు దగ్గర వెనకాడకూడదు. కొత్త పరికరం వేయించుకోబోతున్నవాళ్లు మాత్రం ఆపరేషన్‌కు ముందే ఈ మాట ఎత్తాలి.

హైదరాబాద్‌లో తరచూ కనిపించే ఇంకో సంగతి. అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నప్పుడు అక్కడే పేస్‌మేకర్ వేయించుకుని, కొన్నాళ్లకు కూకట్‌పల్లికో దిల్‌సుఖ్‌నగర్‌కో తిరిగొచ్చేసిన పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల పెట్టె అక్కడి ఆసుపత్రికి ముడిపడి ఉంటుంది, అక్కడి ఫోన్ నెట్‌వర్క్ కోసం తయారై ఉంటుంది. ఇక్కడ ప్లగ్ పెట్టి లైటు వెలిగింది కదా అని నమ్మకూడదు. అక్కడి క్లినిక్‌కు ఈమెయిల్ పెట్టి, రోగి వివరాలను ఇక్కడి ఆసుపత్రి ఖాతాకు బదిలీ చేయించాలి. ఇక్కడ పనిచేసే పెట్టె విడిగా కావాలా అన్నది కంపెనీ హెల్ప్‌లైన్‌ను అడగాలి. పిల్లలు అమెరికాలో ఉండి చేయగలిగిన పనుల్లో నిజంగా ఉపయోగపడేది ఇదే.

పెట్టెను ఎక్కడ పెట్టాలి

రోగి పడుకునే మంచానికి సుమారు 2 మీటర్ల లోపల ఉండాలి. రాత్రి నిద్రలో పంపే పరికరాలకు ఈ దూరమే ప్రాణం. మన ఇళ్లలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఎండాకాలం కూలర్ కోసమో ఏసీ కోసమో పెద్దాయన పడక హాల్లోకి మారుతుంది, పెట్టె మాత్రం బెడ్‌రూమ్‌లోనే ఉండిపోతుంది. పడక మారితే పెట్టె కూడా మారాలి.

రెండోది స్విచ్. పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపే అలవాటు మనలో చాలామందికి ఉంది, మంచి అలవాటే. కానీ ఈ ఒక్క స్విచ్ ఆపకూడదు. దాని మీద రంగు టేపు అతికించి, పనిమనిషితో సహా ఇంట్లో అందరికీ చెప్పండి. ఇన్వర్టర్ ఉంటే పెట్టెను దాని లైనులోనే పెట్టించండి. ఇన్వర్టర్ యూనిట్ మాత్రం రోగి మంచానికి దూరంగా ఉండాలి.

మూడోది సిగ్నల్. చాలా పెట్టెలు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపుతాయి, కొన్ని వైఫై ద్వారా. పాతబస్తీలో మందపాటి గోడల ఇళ్లు, అపార్ట్‌మెంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ లోపలి గదులు, వీటిలో సిగ్నల్ అందదు. కిటికీ పక్కకు మంచం, పెట్టె రెండూ జరపండి. అప్పటికీ లైటు సరైన రంగులోకి రాకపోతే కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. వైఫై పాస్‌వర్డ్ మార్చితే పెట్టెలో కూడా మార్చాలి.

యాప్ వాడేవాళ్లు ఫోన్‌ను రాత్రి మంచం పక్కన బల్ల మీద పెట్టాలి, బ్లూటూత్, ఇంటర్నెట్ ఆన్‌లో ఉంచాలి, యాప్‌ను మూసేయకూడదు. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో యాప్‌ను వెనకనుంచి ఆపేస్తుంది, ఆ సెట్టింగ్ నుంచి ఈ యాప్‌ను మినహాయించండి. మనవడు ఫోన్ మార్చి కొత్తది కొనిచ్చాడంటే మళ్లీ జత చేయాలి. ఫోన్‌ను మాత్రం చొక్కా జేబులో, పరికరం మీద పెట్టుకోకూడదు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. అయస్కాంతాలున్న ఐఫోన్ 12ను ఐసీడీ మీద ఆనిస్తే అది షాక్ ఇచ్చే పనిని తాత్కాలికంగా ఆపేయగలదని 2021లో వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన చూపించింది. పడుకుని ఛాతీ మీద ఫోన్ పెట్టుకుని వీడియోకాల్ మాట్లాడే అలవాటు ఉంటే మానేయాలి.

ఊరికి వెళ్తే? రెండు రోజులకైతే పరవాలేదు. పరికరం సమాచారాన్ని తనలో దాచుకుని తిరిగొచ్చాక పంపుతుంది. సంక్రాంతికి వెళ్లి అక్కడే నెల ఉండిపోయేవాళ్లు పెట్టె వెంట తీసుకెళ్లాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టేసరికి ఊళ్లలో చిక్కుకుపోయిన పెద్దవాళ్లను తలచుకుంటే ఈ మాట ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

సమాచారం చేరిందా? చదువుతున్నది ఎవరు?

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినంత మాత్రాన అవతలివాళ్లు చదివినట్టు కాదు.

పెట్టె అమర్చిన వారంలోపు ఆసుపత్రికి ఫోన్ చేసి, "మా అమ్మగారి పేరు మీద మొదటి ట్రాన్స్‌మిషన్ మీకు వచ్చిందా, మీ తెర మీద కనిపిస్తోందా?" అని అడగండి. వచ్చి ఉంటుంది లెండి అంటే ఊరుకోవద్దు. పేరు, సీరియల్ నంబర్ చూసి చెప్పమనండి. పేరులో అక్షరాలు తప్పుపడి, పాత ఫోన్ నంబర్ నమోదై ఉండటం మన దగ్గర మామూలే. సమాచారం వచ్చి, అలర్ట్ వచ్చి, వాళ్లు చేసిన ఫోన్ ఎవరూ వాడని నంబర్‌కు వెళ్తే ప్రయోజనం ఏముంది? రోగి నంబర్‌తోపాటు హైదరాబాద్‌లోనే ఉండే ఇంకొకరి నంబర్ ఇవ్వండి. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్ల నంబర్ మూడోదిగా ఉండాలి, మొదటిదిగా కాదు. అర్ధరాత్రి తలుపు తట్టగలిగేవాళ్లు ముందుండాలి.

ఆ తర్వాత వరసగా అడగవలసినవి ఉన్నాయి. రోజూ వచ్చే అలర్ట్‌లు ఎవరు చూస్తారు, డాక్టరా, టెక్నీషియనా, కంపెనీ ప్రతినిధా? ఆదివారం, పండగ రోజుల్లో ఎవరైనా చూస్తారా? ఏ రకం అలర్ట్‌కు నాకు ఫోన్ వస్తుంది, ఏ రకానికి రాదు? పెట్టె నుంచి సమాచారం రావడం ఆగిపోతే మీరే ఫోన్ చేస్తారా, మేమే కనుక్కోవాలా? ఆ టెక్నీషియన్ సెలవులో ఉంటే ఎవరు? వీటికి జవాబులు చెప్పడానికి విసుక్కునే చోట మళ్లీ మర్యాదగానే అడగండి. ఇది మీ హక్కు.

చాలా ఆసుపత్రుల్లో ఈ సమాచారాన్ని పనివేళల్లోనే చూస్తారు. రాత్రి రెండింటికి వచ్చిన అలర్ట్ మరుసటి ఉదయం దాకా తెరవకపోవచ్చు. మరి అంత ఆలస్యమైతే ఉపయోగం ఏమిటని అనిపించవచ్చు. కనెక్ట్ అనే అమెరికా అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. గుండెలో ఏదైనా తేడా మొదలైనప్పటి నుంచి వైద్యులు నిర్ణయం తీసుకునేదాకా పట్టే కాలం మామూలు చెకింగ్‌ల పద్ధతిలో 22 రోజులైతే, రిమోట్ పద్ధతిలో 4.6 రోజులు. వారాల పాటు ఎవరికీ తెలియకుండా సాగే సమస్యను రోజుల్లో పట్టుకుంటుంది, అది చాలా పెద్ద మేలు. కానీ 4.6 రోజులు అంటే నిమిషాలు కాదు కదా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ పెట్టెను నమ్ముకుని కూర్చోకూడదు. 108కు ఫోన్ చేయాల్సిందే.

ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి ఫోన్ చేసి ఆఖరుసారి సమాచారం ఏ తేదీన వచ్చిందో అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. ఐసీడీ ఉన్నవాళ్లకు పూర్తి నివేదిక సాధారణంగా మూడు నెలలకోసారి వెళ్లేలా పెడతారు. పేస్‌మేకర్‌కు ఇంకా ఎక్కువ వ్యవధి ఉండవచ్చు.

రిమోట్ మానిటరింగ్ చూడగలిగేవి, చూడలేనివి

బ్యాటరీలో ఎంత మిగిలింది, వైరు నిరోధం మారిందా, గుండె ఎంత శాతం పేస్‌మేకర్ మీద నడుస్తోంది, కర్ణికల్లో (గుండె పై గదుల్లో) లయ తప్పిందా, ప్రమాదకరమైన వేగం వచ్చిందా, షాక్ ఇచ్చిందా, ఇవన్నీ తెలుస్తాయి. కొన్ని సీఆర్‌టీ, ఐసీడీలు ఛాతీలో నీరు చేరుతున్న సూచనలు కూడా పట్టుకుంటాయి. బ్యాటరీ మార్చే దశకు వచ్చిందని పరికరం చెప్పాక కూడా సాధారణంగా సుమారు మూడు నెలల గడువు ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఆ కబురు వింటే అదే రాత్రి ఆసుపత్రికి పరుగెత్తనక్కర్లేదు, అలాగని గడువంతా అయిపోయేదాకా ఆగనూ కూడదు. గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీద ఆధారపడినవాళ్లు వెంటనే తేదీ ఖాయం చేసుకోవాలి.

ఇక చూడలేనివి. పరికరం పెట్టినచోట చర్మం ఎర్రబడటం, వాపు, చీము, చర్మం పలచబడి లోపలి పరికరం అంచు కనిపించడం దానికి తెలియదు. మందులు మానేశారని తెలియదు. గుండెపోటు వస్తే దానికి తెలుస్తుందని అనుకోకండి, ఛాతీనొప్పి వస్తే దారి ఒక్కటే, ఆసుపత్రి. పేస్‌మేకర్, ఐసీడీల సెట్టింగ్‌లను సాధారణంగా ఇంట్లో ఉండగా దూరం నుంచి మార్చలేరు. సమాచారం చదవడం వరకే. సెట్టింగ్ మార్చాలంటే ప్రోగ్రామర్ అనే యంత్రం ఉన్నచోటికి, అంటే ఆసుపత్రికి వెళ్లాలి.

"ఎవరైనా దొంగతనంగా లోపలికి చొరబడి గుండె ఆపేస్తారా?" అని కొందరు భయపడతారు. భద్రతా లోపాలు బయటపడిన మాట నిజం. 2017లో ఒక కంపెనీ పేస్‌మేకర్లకు లక్షల సంఖ్యలో సాఫ్ట్‌వేర్ మార్పు చేయాల్సి వచ్చింది. ఆ భయంతో పెట్టె తీసేయడం మాత్రం మంచిది కాదు. ఆసుపత్రిలో "నా పరికరానికి ఏమైనా సాఫ్ట్‌వేర్ మార్పు, రీకాల్ ఉందా?" అని ఏడాదికోసారి అడిగితే చాలు.

పెట్టె లేనివాళ్లు ఇంట్లో చేసుకోవలసినవి

నాడి చూసుకోవడం నేర్చుకోండి. బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి, ఐదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చున్నాక, పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఎవరైనా చూస్తూ గడియారం పట్టుకుంటే ఇంకా మంచిది. కార్డు వెనక రాసుకున్న కనీస వేగంతో పోల్చండి. 60 పెట్టారనుకుందాం. నాడి వరసగా 50 కన్నా తక్కువ వస్తూ, కళ్లు తిరుగుతున్నా ఆయాసం వస్తున్నా ఆలస్యం చేయకండి. రాత్రివేళ వేగం తగ్గేలా కొందరికి సెట్ చేస్తారు, ఆ సంగతి ముందే కనుక్కుంటే అనవసరపు భయం ఉండదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా నాడి చూపిస్తుంది. కానీ మధ్యలో అదనపు స్పందనలు పడేవాళ్లలో అది కొన్నిటిని లెక్కలోకి తీసుకోక తక్కువ చూపవచ్చు. అందుకే తేడా వస్తే చేత్తో సరిచూడాలి.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ పొద్దున్న, మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట, డాక్టరుకు చెప్పాలి. లాక్‌డౌన్ వచ్చింది సరిగ్గా కొత్త ఆవకాయ కాలంలో. ఇంట్లోనే ఉండి మూడు పూటలా పచ్చడి, అప్పడాలు వేసుకుంటే ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పెట్టెలు ఎన్ని పెట్టినా ఉప్పు సంగతి మనమే చూసుకోవాలి.

డాక్టరుతో మాట్లాడటానికి ఆసుపత్రికే వెళ్లనక్కర్లేదు. ఫోన్, వీడియో ద్వారా వైద్యం చేయడానికి కేంద్రం 2020 మార్చి 25న మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ తర్వాత ఈ-సంజీవని ద్వారా ప్రభుత్వ వైద్యులతో ఉచితంగా మాట్లాడే వీలూ వచ్చింది. మాట్లాడే ముందు వారం రోజుల బీపీ, నాడి, బరువు ఒక కాగితం మీద రాసి, మందుల పట్టీలు ముందు పెట్టుకోండి. పరికరం పెట్టినచోటి చర్మాన్ని మంచి వెలుతురులో ఫొటో తీసి పంపండి. ఇటీవలే ఆపరేషన్ అయినవాళ్లకు ఇది మరీ అవసరం.

ఎంత మహమ్మారి ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఐసీడీ ఒక్కసారి షాక్ కొట్టి, ఆ తర్వాత మనిషి మామూలుగా ఉంటే కూర్చోబెట్టి, పెట్టె ద్వారా సమాచారం పంపి, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. 24 గంటల్లో రెండోసారి కొడితే, లేదా ఒక్క షాకే అయినా ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే 108. షాక్ కొట్టేటప్పుడు పట్టుకుంటే మనకూ కొడుతుందేమో అని దూరంగా నిలబడిపోకండి. పట్టుకున్నవాళ్లకు మహా అయితే చిన్న జిలజిల తెలుస్తుంది, ప్రమాదం లేదు. మనిషి పడిపోయి పిలిచినా పలకకుండా, ఊపిరి సరిగా లేకపోతే 108కు ఫోన్ చేస్తూనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. లోపల పరికరం ఉందని సీపీఆర్ ఆపకూడదు.

స్పృహ తప్పి పడిపోవడం, ఆగని ఎక్కిళ్లు లేదా ఛాతీ, పొట్ట కండరాలు లయగా అదరడం (వైరు కదిలినప్పుడు ఇలా జరగవచ్చు), పరికరం ఉన్నచోట చీము, ఐసీడీ నుంచి బీప్ శబ్దం లేదా వణుకు, వీటిని ఓపీ తెరిచేదాకా వాయిదా వేయకూడదు. కొత్తగా పరికరం పెట్టించుకున్నవాళ్ల మొదటి కుట్ల పరీక్ష, తర్వాత 2 నుంచి 12 వారాల మధ్య చేసే మొదటి చెకింగ్ కూడా నేరుగా జరగాల్సినవే. వెళ్లేముందు ఫోన్ చేసి రద్దీ లేని వేళ అడగండి, ఒక్కరే తోడు వెళ్లండి, మాస్క్ పెట్టుకుని పని చూసుకుని వచ్చేయండి.

ఇంట్లోకి కోవిడ్ వస్తే

జ్వరం రాగానే కోవిడే అని తేల్చేయకండి. పరికరం ఉన్నవాళ్లకు వైరు మీద, పరికరం చుట్టూ ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరమే వస్తుంది. టెస్టు నెగెటివ్ వచ్చి, జ్వరం రోజుల తరబడి తగ్గకపోతే గుండె డాక్టరుకు చెప్పాలి. రక్తం కల్చర్‌కు పంపకుండా యాంటీబయాటిక్స్ మొదలుపెడితే అసలు కారణం మరుగున పడిపోతుంది.

2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ మెడికల్ షాపులో కొనుక్కుని ఎవరికి వారే మింగారు. ఈ రెండూ గుండె విద్యుత్ చక్రంలో క్యూటీ అనే వ్యవధిని పొడిగిస్తాయి. లయ సమస్య ఉన్నవాళ్లలో అది ప్రమాదకరమైన వేగానికి దారితీయవచ్చు. అజిత్రోమైసిన్ వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్నీ పెంచగలదు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. బ్రూఫెన్ రకం నొప్పి మాత్రలు గుండె బలహీనంగా ఉన్నవాళ్లు వాడకూడదు. ఎసిట్రోమ్ వేసుకునేవాళ్లు ఐఎన్ఆర్ పరీక్షకు (రక్తం ఎంత పలచబడిందో చూసేది) ఇంటికే వచ్చి రక్తం తీసుకునే ల్యాబ్ నంబర్ ముందే దగ్గర పెట్టుకోవాలి.

ఛాతీ సీటీ స్కాన్, ఆక్సీమీటర్, నుదుటి దగ్గర పెట్టే థర్మామీటర్, వీటితో పరికరానికి భయం లేదు. ఎంఆర్‌ఐ అయితే కార్డు చూపించి, పరికరానికి సరిపోతుందో లేదో తేల్చుకున్నాకే చేయించాలి. ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఇంట్లో ఉండకూడదు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కార్డు, పెట్టె రెండూ వెంట పంపండి, కేస్ షీట్ మీద పరికరం పేరు రాయించండి. టీకాను సాధారణంగా పరికరం లేని వైపు చేతికి వేయించుకోమంటారు.

చెప్పడానికి మనసు రాని మాట ఒకటి ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు చనిపోతే దహనానికి ముందు దాన్ని తీయించాలి. మంటలో బ్యాటరీ పేలవచ్చు. అంత్యక్రియల వేళ తొందరలో కుటుంబానికి ఇది గుర్తుండదు, కార్డు ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్లు ఆసుపత్రి సిబ్బందికి చెప్పాలి.

ఉద్ధృతి తగ్గాక మొదటిసారి ఆసుపత్రికి

రిమోట్‌లో అంతా బాగుందని వచ్చినా నేరుగా చూపించుకోవడం పూర్తిగా మానకూడదు. ఏడాదికోసారి నేరుగా చెకింగ్ ఉండాలని 2015 నాటి సూచన. పెట్టె సరిగా, ఎప్పుడూ తెగకుండా పనిచేస్తున్నవాళ్లకు, ఇతర గుండె సమస్యలు అదుపులో ఉంటే రెండేళ్ల దాకా పొడిగించవచ్చని 2023లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు అన్నాయి. ఆ వెసులుబాటు మీకు వర్తిస్తుందో లేదో మీ డాక్టరు తేల్చాలి. పెట్టె లేనివాళ్లు రోడ్లు తెరవగానే మొదటి వరసలో తేదీ తీసుకోవాలి.

ఆ రోజు ప్రోగ్రామర్‌తో చూశాక ఇచ్చే ప్రింటు ఒక కాపీ అడిగి తీసుకోండి. బ్యాటరీ ఎంత, వైర్ల కొలతలు గతసారితో పోలిస్తే మారాయా, లాక్‌డౌన్ నెలల్లో లయ ఎప్పుడైనా తప్పిందా, ఆ తేదీల్లో మీరు రాసుకున్న కాగితంలో ఏముంది, ఇవి డాక్టరుతో కలిసి చూడండి. నమోదైన ఫోన్ నంబర్లు ఇంకా అవేనా అని టెక్నీషియన్‌ను తెర మీద చూపించమనండి. ఇల్లు మారారా, పెట్టెకు కొత్త గదిలో సిగ్నల్ ఉందా, అదీ చెప్పండి. వచ్చే చెకింగ్ తేదీ, ఆ లోపు రిమోట్ నివేదిక వెళ్లాల్సిన తేదీ రెండూ కార్డు వెనకే రాయించుకుని ఇంటికి రండి.